మళ్లీ ఫిట్స్ వస్తాయేమోనన్న భయం తగ్గించుకోవడం ఎలా?

ఫిట్స్ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. మళ్లీ ఎప్పుడొస్తాయోనన్న టెన్షన్ మాత్రం రోజంతా వదలదు. ఈ భయానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్స ఉంది. సైకాలజిస్ట్ దగ్గర చేసే ఆ పని దాదాపు ఇలా సాగుతుంది.

ముందు న్యూరాలజిస్ట్‌కి భయం సంగతి కూడా చెప్పండి. చాలామంది ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయో చెప్పి లేచి వచ్చేస్తారు. లెవెటిరాసెటమ్ లాంటి ఫిట్స్ మందులతో కొందరిలో చిరాకు, ఆందోళన పెరుగుతాయి. అలాగని మందు మీరే ఆపేయకండి, ఫిట్స్ ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

తర్వాత, భయం వేసిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయండి: అప్పుడేం చేస్తున్నారు, ఏం అనిపించింది, ఎంతసేపు ఉంది. ఇది ముఖ్యం, ఎందుకంటే కొన్ని రకాల ఫిట్స్ కూడా హఠాత్తుగా భయంతోనే మొదలవుతాయి. అవి ఎక్కువగా ప్రతిసారీ ఒకేలా వచ్చి, రెండు నిమిషాల్లోపు పోతాయి. పానిక్ అటాక్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్ర ఆందోళన) అయితే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. తేల్చాల్సింది డాక్టరే, మీ రాతలు ఆయనకు పనికొస్తాయి.

ఇక అసలు పని. మీరు మానేసినవన్నీ రాసి రెండుగా విడదీయండి. ఒంటరిగా ఈత కొట్టకపోవడం, డాక్టర్ సరేననేదాకా బండి నడపకపోవడం, బాత్రూమ్ గడియ పెట్టకపోవడం నిజమైన జాగ్రత్తలు, వాటిని అలాగే ఉంచండి. తోడు లేనిదే గడప దాటకపోవడం, స్నేహితులు పిలిచినా వెళ్లకపోవడం లాంటివి చాలావరకు భయం పెట్టిన ఆంక్షలు. ఏది ఏ వైపో తేలకపోతే డాక్టర్‌ని అడగండి.

భయం పెట్టినవాటికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి, తక్కువ మార్కులున్న దానితో మొదలుపెట్టండి. ఉదాహరణకు పది నిమిషాలు ఒంటరిగా నడక. భయం వేయగానే వెనక్కి వచ్చేయకుండా కాసేపు ఆగండి. అదే పని మళ్లీ మళ్లీ చేశాకే పై మెట్టు.

భయం వేసినప్పుడు ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, వేగంగా వద్దు. ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష) తీసేటప్పుడు గబగబా ఊపిరి తీయమనేది కొందరిలో దాంతో ఫిట్స్ బయటపడతాయనే.

తరచూ కలిసేవాళ్లకి, మీకు ఫిట్స్ వస్తే ఏం చేయాలో నేర్పండి: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.

మధ్యలో ఫిట్స్ వస్తే డాక్టర్‌కి చెప్పి, ఒక మెట్టు కిందినుంచి మళ్లీ మొదలుపెట్టండి.