ఖరీఫ్ పంట నమోదు ముగిసేలోపే ఇవి చూసుకోండి

వాన మొహం చాటేశాక ఆఫీసుల చుట్టూ తిరిగి లాభం లేదు. ఆంధ్రప్రదేశ్ రైతులకు:

- ఈ-పంటలో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో) పేరు ఎక్కకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్టానికి ప్రభుత్వమిచ్చే సాయం), బీమా రెండిటికీ ఎసరే. సర్వే నంబరు, పంట పేరు, ఎకరాలు చదివించుకున్నాకే ఈ-కేవైసీకి వేలిముద్ర వేయండి. వేరుశనగ వేసిన చేను కందిగా నమోదైతే, తర్వాత మీ మాట వినే నాథుడు ఉండడు.

- కౌలు రైతులు: సీసీఆర్సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) గడువు 11 నెలలే. నిరుటిది పనికిరాదు.

- ఆధార్ ఏ ఖాతాకి లింకైందో బ్యాంకులో అడగండి. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో డబ్బు పడితే అదో టెన్షన్.

- పంట రుణం ఉంది కదా, బీమా అదే ఉంటుందిలే అనుకోవద్దు. ప్రీమియం కట్టిన రసీదు చూడండి.

- ఎండిన చేను నష్టం అంచనాకి ముందే దున్నేయకండి. సాయానికి కనీసం 33 శాతం నష్టం కనబడాలి.