అన్నం మానకుండా బరువు తగ్గే పద్ధతి

తెలుగువారి భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకునే పదార్థం కాదు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతోనో చారుతోనో ఇంకొకసారి, చివర పెరుగుతో మరొకసారి కలుపుకుంటాం. కలుపుకున్న ప్రతిసారీ గరిటెడు అన్నం కంచంలో పడుతుంది కనుక, తాను మితంగానే తింటున్నానని నిజాయితీగా నమ్మే వ్యక్తి కూడా మధ్యాహ్నం ఒక్క పూటలోనే 300 నుంచి 400 గ్రాముల అన్నం తినే అవకాశం ఉంది. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు ఉంటాయి; అంటే పప్పు, కూర, నెయ్యి లెక్కలోకి రాకముందే 400 నుంచి 500 కేలరీలు చేరిపోతాయి. బరువు తగ్గాలనుకునేవారు అన్నాన్ని పూర్తిగా మానేయవలసిన అవసరం లేదు. ఎన్నిసార్లు, ఎంతెంత వడ్డించుకుంటున్నామో తెలుసుకుని, ఆ పరిమాణాన్ని కొద్దిగా తగ్గించి, దానికి రోజువారీ వ్యాయామాన్ని జోడిస్తే చాలామందికి ఫలితం కనిపిస్తుంది.

ముందుగా, ఈ పద్ధతి ఎవరికి తగదో చెప్పడం అవసరం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు కేలరీలు తగ్గించే ప్రయత్నం సొంతంగా చేయకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడుతున్నవారు ఒక్కసారిగా తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు; వారు వైద్యుడితో మాట్లాడి మందుల మోతాదు సరిచూసుకున్న తరువాతే మొదలుపెట్టాలి. మూత్రపిండాల వ్యాధి, గుండె జబ్బు ఉన్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఏ కారణం లేకుండా బరువు పెరుగుతూ, నీరసం, మలబద్ధకం వంటివి తోడైతే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

అసలు తగ్గవలసిన అవసరం ఉందో లేదో అద్దం చూసి తేల్చుకోకుండా కొలతతో తేల్చుకోవాలి. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ. భారతీయులకు ఇది 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా పరిగణిస్తారు. మన శరీరాల్లో తక్కువ బరువు దగ్గరే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది కనుక పాశ్చాత్య దేశాల హద్దులు మనకు సరిపోవు. దానికన్నా సులువైన, నా దృష్టిలో ఎక్కువ విలువైన కొలత నడుము చుట్టుకొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, మామూలుగా శ్వాస వదిలిన తరువాత టేపు చుట్టి చూడాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిందే.

ఇక లెక్క. శరీరం ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా ఖర్చు చేసే శక్తిని అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రాన్ని ఎక్కువగా వాడుతున్నారు. బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలిపి, అందులోంచి వయసును 5తో గుణించి తీసివేయాలి. తరువాత పురుషులైతే 5 కలపాలి, స్త్రీలైతే 161 తీసివేయాలి. ఉదాహరణకు 40 ఏళ్ల వయసు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న ఒక గృహిణిని తీసుకుందాం. ఆమెకు ఈ లెక్క సుమారు 1,310 కేలరీలు చూపుతుంది. ఇంటిపని, కొద్దిపాటి నడక ఉన్నవారికి దానిని 1.375తో గుణిస్తారు కనుక రోజుకు 1,800 కేలరీల దగ్గర ఆమె బరువు నిలకడగా ఉంటుందని అంచనా. అందులో 400 తగ్గించి 1,400 దగ్గర నిలబడితే నెలకు 12,000 కేలరీల లోటు ఏర్పడుతుంది. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి నెలకు ఒకటిన్నర కిలో తగ్గాలి. ఇది అంచనా మాత్రమే. ఒక్కో శరీరం కొంత అటూ ఇటూగా స్పందిస్తుంది.

నెలకు ఒకటిన్నర కిలో అంటే చాలామంది నిరుత్సాహపడతారు. కానీ స్త్రీలు 1,200 కన్నా, పురుషులు 1,500 కన్నా తక్కువ కేలరీలకు వైద్య పర్యవేక్షణ లేకుండా దిగడం మంచిది కాదు. మరీ వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది, కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, జుట్టు రాలుతుంది. పైగా ప్రస్తుత బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. మనం తీసుకున్న గృహిణికి మొదటి లక్ష్యం మూడున్నర కిలోలు అనుకుంటే చాలు.

మొదటి వారం ఏదీ మార్చకండి. ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఒక పుస్తకంలో రాయండి. వంటింటి తూకం యంత్రం ఉంటే వండిన అన్నాన్ని ఒకసారి తూచి, మీ ఇంటి గరిటెడు అన్నం ఎన్ని గ్రాములో గుర్తుపెట్టుకోండి. తరువాత ప్రతిసారీ తూచనక్కరలేదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి, వండితే 500 కేలరీలకు పైనే. అమెరికాలో ఉండే మనవాళ్లు అక్కడి వంట కప్పు 240 మిల్లీలీటర్లని గమనించాలి. ఫోన్ యాప్‌లో కప్పు అని చూసి కుక్కర్ కప్పుతో లెక్కపెడితే లెక్క తప్పుతుంది. టీ, బిస్కెట్టు, వంట చేస్తూ నోట్లో వేసుకున్న పల్లీలు, పిల్లలు వదిలేస్తే పారేయలేక తిన్న ముద్దలు కూడా రాయాలి. ఇళ్లలో అమ్మలు ఈ ఆఖరిదాన్ని ఎన్నడూ లెక్కలో వేసుకోరు.

రెండో వారం నుంచి అన్నం విషయంలో ఒక్క మార్పు చేయండి. పూటకు తినదలచిన అన్నం, ఉదాహరణకు 200 గ్రాములు, మొదటే కంచంలో పెట్టుకుని రెండు భాగాలు చేసుకోవాలి. ఒకటి పప్పుతోనో కూరతోనో తినడానికి, రెండోది పెరుగుకో పులుసుకో. మారు వడ్డన అన్నానికి ఉండదు, కూరకు ఉంటుంది. చారును గ్లాసులో పోసుకుని తాగవచ్చు. పెరుగన్నానికి బదులు పల్చని మజ్జిగ తాగవచ్చు. కూరను అన్నంలోకి నంచుకునే వస్తువుగా కాక, కంచంలో సగం నిండే వస్తువుగా చూడాలి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దోసకాయ, తోటకూర, గోంగూర వంటివి ఎంత ఎక్కువ తిన్నా కేలరీలు పెద్దగా చేరవు, కడుపు నిండుతుంది. హైదరాబాద్‌ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా మొత్తం కేలరీల్లో తృణధాన్యాలు, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెబుతున్నాయి.

చిరుధాన్యాల మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ తొలగించుకోవాలి. కొర్రలు, జొన్నలు, రాగులలో పీచు, ఖనిజాలు బియ్యంలో కన్నా ఎక్కువ; రాగుల్లో కాల్షియం పుష్కలంగా ఉంటుంది. కానీ గ్రాముకు గ్రాము లెక్కిస్తే కేలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. అన్నం మానేసి రెండు పెద్ద రాగి సంగటి ముద్దలు తింటూ బరువు ఎందుకు తగ్గడం లేదని బాధపడేవారు మనలో ఎందరో ఉన్నారు. శనివారం రాత్రి అన్నం మాని ఫలహారం చేసేవారికీ ఇదే హెచ్చరిక: ఆ ఫలహారం నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర అయితే ఆ పూట తగ్గించినదేమీ ఉండదు.

అన్నం కన్నా గట్టిగా పట్టించుకోవలసింది నూనె. పిండి పదార్థాలు, ప్రొటీన్లు గ్రాముకు 4 కేలరీలు ఇస్తే కొవ్వు 9 ఇస్తుంది. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. అయితే ప్రతి కూరలో ఎంత నూనె పడిందో కొలవడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకు మా ఇంట్లో పాటించే మార్గం నెల లెక్క. నూనె ప్యాకెట్టు విప్పిన ప్రతిసారీ క్యాలెండర్‌లో ఒక గీత గీస్తాం. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు ఖర్చవుతుంటే, లీటరు సుమారు 910 గ్రాములు కనుక, మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు నూనె రూపంలోనే వెళుతున్నాయి. దానిని 3 లీటర్లకు తెస్తే మనిషికి రోజుకు 130 కేలరీలకు పైగా తగ్గుతాయి, కంచంలో ఒక్క ముద్ద కూడా తగ్గించకుండానే. బెండకాయ, దొండకాయ వేపుడు వారానికి ఒకసారికి పరిమితం చేసి, మిగిలిన రోజుల్లో పప్పుకూరలుగా, ఆవపెట్టిన కూరలుగా, పులుసుగా చేస్తే ఇది కష్టమేమీ కాదు. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. ముక్క తీసుకుని, పైన తేలే నూనెను జాడీలోనే వదిలేస్తే సరిపోతుంది. నెయ్యి వేళ్లతో కాక చిన్న చెంచాతో ఒక్కటి, 45 కేలరీలు.

తగ్గించవలసిన వాటి మధ్య పెంచవలసినది ఒకటి ఉంది, ప్రొటీను. తక్కువ తింటున్నప్పుడు కండ పోకుండా కాపాడేదీ, మధ్యాహ్నం తిన్నాక నాలుగు గంటలకే ఆకలి వేయకుండా చూసేదీ ఇదే. శరీర బరువు కిలోకు ఒక గ్రాము ప్రొటీను కనీసంగా చూసుకోవాలి. గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. గట్టిపప్పు, ఉడికించిన శనగలు, పెసర మొలకలు, మీల్ మేకర్, పెరుగు, చేపలు, తోలు తీసిన కోడిమాంసం పూటపూటకూ ఏదో ఒకటి ఉండాలి. చారులో పప్పు నీళ్లు పోసినంత మాత్రాన అది పప్పు తిన్నట్టు కాదు.

మన గృహిణి రోజు సుమారుగా ఇలా ఉండవచ్చు. ఉదయం మూడు చిన్న ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక చెంచా పల్లీ చట్నీ. లేదా ఒక చెంచా నూనెతో కాల్చిన రెండు పల్చని పెసరట్లు, దాదాపు 300 కేలరీలు. మధ్యాహ్నం 200 గ్రాముల అన్నం, చిన్న గిన్నెడు పప్పు, పెద్ద గిన్నెడు కూర, మజ్జిగ, 550. సాయంత్రం చక్కెర లేని టీ, జామకాయ లేదా గుప్పెడు ఉడికిన శనగలు, 150. రాత్రి రెండు పుల్కాలు, కూర, ఒక గుడ్డు, కొద్దిగా పెరుగు, 400. పాల సంగతి చూస్తే, ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం. ప్యాకెట్టు రంగు మార్చడమే ఒక పొదుపు. రెండు చెంచాల చక్కెరతో చిక్కటి టీ రోజుకు నాలుగుసార్లు తాగేవారు ఆ చక్కెరలోనే 160 కేలరీలు తాగుతున్నారు.

వ్యాయామం గురించి నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 150 కేలరీలకు మించదు. పార్కు చుట్టూ నడిచి, గేటు దగ్గర బండి మీద రెండు గారెలు తింటే ఖర్చయినదంతా తిరిగి వచ్చేస్తుంది. కనుక నడక ఒక్కదానితోనే బరువు తగ్గాలనుకోవడం నిరాశకు దారి తీస్తుంది. అయినా నడకను వదలకూడదు, ఎందుకంటే తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలబెట్టేది ప్రధానంగా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు తీవ్రతతో వ్యాయామం చేయాలి, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగమే ఓ మోస్తరు తీవ్రత.

అలవాటు లేనివారు మొదటి వారం రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవాలి. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరున్నర లోపే ముగించాలి. కుదరకపోతే ఇంట్లోనే, మేడ మీద రాత్రి భోజనం తరువాత నడవవచ్చు. తిన్న తరువాతి పది పదిహేను నిమిషాల నడక చక్కెరను అదుపులో ఉంచడానికి కూడా సాయపడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి సైకిలు, ఈత నయం.

కండరాల వ్యాయామానికి జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీ అంచున కూర్చుని చేతుల సాయం లేకుండా లేచి నిలబడటం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు పదిసార్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు తీసుకుని భుజాల మీదకు ఎత్తడం పదిసార్లు, వీటిని మూడు విడతలుగా వారంలో రెండు రోజులు చేస్తే ఆరంభానికి సరిపోతుంది. సులువనిపించినప్పుడు బరువో, సంఖ్యో పెంచాలి. పొట్ట వ్యాయామాలు పొట్ట కొవ్వునే కరిగించవు, చెమట పట్టించే బెల్టులు నీటిని మాత్రమే తీస్తాయి.

బరువు వారానికి ఒకే రోజు, ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, అదే యంత్రం మీద చూసుకోవాలి. మొదటి పది రోజుల్లో రెండు కిలోలు తగ్గినా అందులో ఎక్కువ భాగం నీరే. శరీరంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే ప్రతి గ్రాము పిండి పదార్థం దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయినప్పుడు నీరు కూడా పోతుంది. అలాగే పెళ్లి భోజనం మరునాడు కిలో పెరిగితే అది కొవ్వు కాదు, ఉప్పుతో నిలిచిన నీరు. నెలసరికి ముందు స్త్రీలకు బరువు పెరిగినట్టు కనిపించడం కూడా అలాంటిదే. ఆ రోజు అంకె చూసి ప్రయత్నం మానేసేవారిని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే మరో నాలుగు రోజులు ఆగితే అది దిగి ఉండేది.

రెండు, మూడు నెలల తరువాత అంకె కదలకుండా నిలిచిపోవడం సహజం. శరీరం తేలికైన కొద్దీ దానికి కావలసిన శక్తి తగ్గుతుంది కనుక కొత్త బరువుతో లెక్క మళ్లీ వేయాలి. అంతకన్నా ముందు మరో వారం పుస్తకంలో రాసి చూడండి. గరిటె ఎప్పుడు పెద్దదయిందో, నూనె గీతలు ఎప్పుడు దగ్గరగా వచ్చాయో అక్కడే కనిపిస్తుంది. మూడు వారాలు నిజంగా ఏ మార్పూ లేకపోతే నడకకు పదిహేను నిమిషాలు కలపండి లేదా 100 కేలరీలు తగ్గించండి, రెండూ ఒకేసారి వద్దు.

సంక్రాంతికి అరిసెలు, ఆదివారం బిర్యానీ జీవితంలో ఉంటాయి, ఉండాలి. అరిసె తినదలచిన రోజున దానిని భోజనం తరువాత అదనంగా కాక, ఒక భాగం అన్నానికి బదులుగా తినండి. బిర్యానీ ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, ముక్కలు, పెరుగు పచ్చడి ఎక్కువగా, అన్నం తక్కువగా పెట్టుకోండి. మరునాడు ఉపవాసంతో శిక్షించుకోకుండా మామూలు లెక్కకు తిరిగి రండి. లక్ష్యం చేరిన తరువాత తిండిని ఒక్కసారిగా పాత స్థాయికి పెంచకుండా, వారానికి 100 కేలరీల చొప్పున కలుపుతూ, బరువు స్థిరపడిన చోట ఆగండి. నడకను మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గించకండి.