ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇంటికి (స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇల్లు) అప్లై చేస్తున్నారా? సబ్మిట్ నొక్కే ముందు

ముందు ఈవీసా (ఆన్‌లైన్‌లో ఉండే మీ వీసా రికార్డు) తెరవండి. ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదు) అన్న ముక్క కనిపిస్తే అక్కడే ఆగండి. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాలకు మామూలుగా ఇది ఉంటుంది. కౌన్సిల్ ఇల్లు పబ్లిక్ ఫండ్స్ కిందకే వస్తుంది. తీసుకుంటే వీసా షరతు తప్పినట్టే, రేపు ఐఎల్‌ఆర్‌కి (శాశ్వత నివాస అనుమతికి) అదే అడ్డం పడొచ్చు. పిల్లల సర్కారు బడి, ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం మాత్రం ఈ లెక్కలోకి రావు, ఆ టెన్షన్ వద్దు.

దంపతుల్లో ఒకరికే అర్హత ఉంటే ఒక్కరి పేరుతోనే అప్లై చేయండి. జాయింట్ టెనెన్సీ (ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం) ఇవ్వరు.

అమ్మానాన్నల్ని పోషిస్తామని అండర్‌టేకింగ్ రాసిచ్చి తెచ్చుకున్నారా? వాళ్లకు ఐఎల్‌ఆర్ ఉన్నా మామూలుగా 5 ఏళ్లు అర్హత ఉండదు.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కదా అని ధీమా వద్దు. కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఉండి తిరిగొస్తే, ఇక్కడే స్థిరపడ్డారని చూపించమంటారు. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) రిజిస్ట్రేషన్, స్కూలు ఉత్తరం, కరెంటు బిల్లు... ఏదీ పారేయకండి.

అప్లై చేసే ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారన్నదీ చూస్తారు. ఇది కౌన్సిల్‌ని బట్టి మారుతుంది, పక్కింటాయన మాట నమ్మి నింపేయకండి.