నీటి మోటారు కంట్రోలర్‌కు గెస్ట్ వైఫై

అపార్ట్‌మెంట్ ఆఫీసు వైఫై మీదే మోటారు కంట్రోలర్, గేటు, వచ్చిపోయేవాళ్ల ఫోన్లు అన్నీ ఉంటాయి. పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గరుందో తెలియక అదో టెన్షన్. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్ ఇచ్చే విడి వైఫై) ఆన్ చేసి, 16 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, కంట్రోలర్లను మాత్రమే దానికి మార్చండి. తర్వాత రూటర్ సెట్టింగ్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ చూడండి, ఇంటర్నెట్ నుంచి లోపలి పరికరాలకు ఏ దారులు (పోర్టులు) తెరిచి ఉన్నాయో అక్కడ కనిపిస్తుంది. మోడ్‌బస్, బ్యాక్‌నెట్ అంటే ఇలాంటి కంట్రోలర్లు మాట్లాడుకునే పద్ధతులు. మోడ్‌బస్ వాడే 502 పోర్టు, బ్యాక్‌నెట్ వాడే 47808 పోర్టు తెరిచి ఉంటే, సర్వీసువాళ్లకు చెప్పి మూసేయండి. మామూలు మోడ్‌బస్, బ్యాక్‌నెట్ అసలు పాస్‌వర్డే అడగవు. బయటివాళ్లెవరైనా నేరుగా మోటారు ఆన్ చేసేయొచ్చు! పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీ సెట్టింగ్ కూడా ఆఫ్ చేయండి.

ఒక్క జాగ్రత్త: చాలా రూటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ మీదున్న పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. మీ ట్యాంకు సెన్సర్ వైఫై ద్వారా నేరుగా మోటారుకు సిగ్నల్ ఇచ్చే రకమైతే ఈ పద్ధతి వద్దు, ట్యాంకు నిండినా మోటారు ఆగదు.