పాత జీపుకి పవర్ స్టీరింగ్ పెట్టాక ముందు ఛాసిస్ ఊగుతోందా, పగులుతోందా? సమస్య - పరిష్కారం

వైజాగ్ గాజువాక ఆటోనగర్‌లో నా పాత జీపుకి సెకండ్ హ్యాండ్ పవర్ స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడుని టైర్లకి అందించే గేర్ల డబ్బా) బిగించుకుని ఎన్‌ఏడీ జంక్షన్ దాకా ఒక్క వేలితో తిప్పుకుంటూ వచ్చి తెగ మురిసిపోయా. రెండు నెలలు తిరక్కుండానే ముందు నుంచి టక్కు టక్కు మొదలైంది, టై రాడ్ ఎండ్లు (టైర్లని తిప్పే రాడ్డు చివరి కీళ్లు) మార్చా, మళ్లీ మార్చా, బాక్సే పోయిందన్నారు, ఇంకో బాక్స్ బేరం ఆడేదాకా వెళ్లా. తీరా చూస్తే తప్పు బాక్స్‌ది కాదు, అది కూర్చున్న ఛాసిస్‌ది.

నిలబెట్టి తిప్పితే టక్కుమంటోంది, స్టీరింగ్ తిరిగిన కాసేపటికి గానీ టైరు కదలట్లేదు

ముందు డబ్బులు ఖర్చు పెట్టకండి, ఒక చాక్‌పీసు చాలు. బాక్స్ మీద నుంచి ఛాసిస్ మీదకి అడ్డంగా గీత గీయండి, హ్యాండ్ బ్రేక్ వేసి వెనక టైర్లకి రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు పక్క నుంచి చూడాలి, ఫ్యాన్ బెల్టు దగ్గర చెయ్యి పెట్టొద్దు. గీత విరిగిందంటే బోల్టులు లూజు. గీత విరగకుండా బాక్సూ ఛాసిస్సూ కలిసి ఊగుతున్నాయంటే ఛాసిసే మెలితిరుగుతోందన్నమాట. నా బండిలో ముందు చివర వేలెడు మందం ఊగింది, చూసి నోట మాట రాలేదు.

కారణం ఏంటంటే, పాత స్టీరింగ్‌లో జోరంతా మన చేతులదే, బరువనిపిస్తే మనమే ఆగిపోతాం. పవర్ బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్‌తో పిస్టన్ తోస్తుంది, అది టైర్‌ని ఎంత తోస్తే ఛాసిస్‌ని అంతే వెనక్కి తంతుంది, మన చేతికి మాత్రం ఏమీ తెలీదు. పైగా వెడల్పు టైర్లు వేసి సిమెంటు నేల మీద నిలబెట్టి తిప్పితే ఇంకా ఎక్కువ లోడు. పాత ఛాసిస్ సీ ఛానెల్, ఒక పక్క తెరిచే ఉంటుంది, నా దాంట్లో రేకు కొలిస్తే 3 ఎంఎం, అది పైకీ కిందకీ బరువు మోస్తుంది గానీ పక్కకి మెలిపెడితే తట్టుకోలేదు.

పరిష్కారం: బాక్స్ కూర్చునే చోటు నుంచి కనీసం అడుగు వెనక్కి లోపలి పక్క ప్లేటుతో మూసేసి డబ్బాలా చెయ్యాలి. అక్కడితో ఆగిపోతారు చాలామంది, నేనూ ఆగిపోయా, సగమే తగ్గింది. డ్రైవర్ వైపు ఛానెల్‌కి ఎంత ప్లేటు కొట్టినా ఆ తోపు ఎడమ వైపుకి కూడా పంచకపోతే లాభం లేదు, బాక్స్ దగ్గర నుంచి అవతలి ఛానెల్‌కి ఒక మందపాటి పైపు బ్రేస్ (అడ్డ ఆసరా) కట్టాలి. కట్టేటప్పుడు, ముందు యాక్సిల్ పూర్తిగా పైకి లేచినప్పుడు తగలకుండా, రేడియేటర్‌కి రాసుకోకుండా కొలుచుకోండి.

బోల్టులు ఎన్నిసార్లు బిగించినా లూజవుతున్నాయి

నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి గీతలా కారి ఉంటే అక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటోందని అర్థం. విప్పి చూస్తే కన్నం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగి లోపల తళతళ మెరుస్తుంది. డబ్బాలా మూసిన ఛానెల్‌కి అటు నుంచి ఇటు బోల్టు దూర్చి బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి, కాసేపటికి లూజు. లేత్ దగ్గర మందపాటి పైపు సరిగ్గా లోపలి వెడల్పుకి కోయించి, బోల్టు అందులోంచి వెళ్లేలా పెట్టి, రెండు పక్కలా వెల్డింగ్ చేయించండి. సాగిన కన్నాన్ని ఉత్త వాషర్‌తో కప్పేయొద్దు. బోల్టులు తల మీద 10.9 (గట్టిదనం గ్రేడు) అని ఉన్నవే కొనండి.

బోల్టు కన్నం దగ్గర వెంట్రుక లాంటి గీత

పెయింట్ పగులో ఛాసిస్ పగులో తెలియాలంటే గీకి చూడాల్సిందే. నిజంగా పగులైతే బండి తియ్యొద్దు. పగులు ఎక్కడ ఆగిందో వెతికి ఆ కొసన చిన్న కన్నం వెయ్యాలి, లేదంటే పైన ప్లేటు వేసినా కింద పాకుతూనే ఉంటుంది. తర్వాత గ్రైండర్‌తో వీ ఆకారంలో గాడి తీసి వెల్డింగ్‌తో నింపి, సాపు చేసి, ఆ పైన ప్లేటు. ప్లేటు చివర నిలువుగా కోసి నిలువు వెల్డింగ్ కొడితే సరిగ్గా ఆ అంచునే కొత్త పగులొస్తుంది, చివరలు గాలిపటం మూలలా ఏటవాలుగా కోయించండి. ఒకేసారి పొడవుగా లాగకుండా ముక్కలు ముక్కలుగా కొట్టిస్తే వేడికి వంకర పోదు.

మేస్త్రీ 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడతానంటే మంచిదే, కానీ మన ఉక్కకి ఆ రాడ్డు తేమ పీల్చేస్తుంది, తెరిచి పడేసిన ప్యాకెట్‌లోది వాడితే వెల్డింగ్ లోపలే పగుళ్లొచ్చే ప్రమాదం, ఓవెన్‌లో ఆరబెట్టినవి అడగండి. షిప్‌యార్డు పనులు చేసిన వెల్డర్ దొరికితే ఇది వాళ్లకి చెప్పక్కర్లేదు. బ్యాటరీ వైర్లు తీసేయండి, పక్కన పోయే బ్రేక్ పైపు, డీజిల్ పైపు తప్పించండి.

వెల్డింగ్‌కి ముందు సుత్తితో కొట్టి చూడటం మర్చిపోవద్దు. సముద్రపు గాలికి మన బండ్లు ఛానెల్ లోపలి నుంచే తుప్పు పడతాయి, బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్‌లో ఆరుబయట పెట్టేవాళ్లకైతే మరీనూ. ఠంగుమంటే సరే, మొద్దుగా మోగితే ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సిందే, తుప్పు రేకు మీద ప్లేటు నిలవదు.

మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావట్లేదు

ఇది ఛాసిస్ పని కాదు, క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తక్కువై ఉంటుంది, కమాన్ పట్టీల కింద వెడ్జ్ ముక్కలతో సరిచేస్తారు. గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరిగితే డ్రాగ్ లింక్ (బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్డు) వాలు చూడండి.

అన్నీ అయ్యాక కూడా స్టీరింగ్‌ని ఫుల్ లాక్‌లో (ఇక తిరగనంత చివరికి తిప్పి) పట్టుకుని ఉంచే అలవాటు మానుకోండి, ఛాసిస్‌కి ఎక్కువ దెబ్బ అప్పుడే. 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ఘాట్ రోడ్డు ఎక్కి దిగాక ఇంకోసారి బోల్టులకి టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచే రెంచ్) పెట్టండి. నాకు మొదటిసారి ఒక బోల్టు పావు చుట్టు తిరిగింది, అనంతగిరి మీదుగా అరకు వెళ్లొచ్చాక చూస్తే ఒక్కటీ కదల్లేదు.