పదవీ విరమణ తర్వాత తొలి నెలలు

తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగినా, సన్మానసభలో కప్పిన శాలువాను బీరువాలో పెట్టిన మరుసటి సోమవారం తొమ్మిదింటికి కాళ్లు ఆఫీసు వైపే లాగుతాయి. ఆ వెలితి సహజమే కనుక దాచుకోక ఇంట్లో చెప్పండి. నల్గొండవాసులు ఆ వేళకు పానగల్ ఉదయసముద్రం కట్టపై నడిచి, ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడపై పగలంతా కదలక నిలిచే స్తంభపు నీడను చూసి రావచ్చు. పాత ఆఫీసుకు మాత్రం కొన్ని నెలలు పనిలేకుండా వెళ్లకండి. మీ కుర్చీలో కూర్చున్నవారికి అది ఇబ్బందే. ఇన్నేళ్లు వంటింటిని నడిపిన ఇల్లాలికి పోపుడబ్బా సర్దడం నేర్పబోకుండా (తొలి తగాదా తరచూ అక్కడే పుడుతుంది), కూరగాయలు తేవడమో కరెంటు బిల్లు కట్టడమో మీ పనిగా అడిగి తీసుకోండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.