బట్టల ఫ్యాక్టరీలో కార్మిక నియమావళి గోడకే పరిమితమైతే: సమస్య - పరిష్కారం

కార్మిక నియమావళి అంటే బట్టలు కొనే కంపెనీ, వాటిని కుట్టే ఫ్యాక్టరీకి పనిగంటలు, జీతాలు, భద్రత గురించి పెట్టే నియమాలు. అవి నిజంగా అమలవుతున్నాయో లేదో కొనే కంపెనీ తరఫున చూసేవాళ్ల కోసం ఇది.

ఆడిట్‌లో అంతా సవ్యం, ఆదివారం కూడా లైన్లు నడుస్తున్నాయి

కారణం: హాజరు రెండు చోట్ల రాస్తున్నారు, ఒకటి జీతాలకు, ఒకటి చూపించడానికి. హాజరు పట్టీ ఎంత తిరగేసినా ఇది దొరకదు. విరిగిన సూదుల రిజిస్టర్ అడగండి. సూది విరిగినప్పుడల్లా తేదీ, మెషిన్ నంబరు రాసి, ముక్కలు టేపుతో అంటిస్తారు. బట్టలో ఇనుప ముక్క పోకూడదని పెట్టిన పుస్తకం కాబట్టి దాన్ని దిద్దాలని చాలామందికి తట్టదు. సెలవని చూపిన ఆదివారం నాడు అందులో సూది విరిగి ఉంటే లెక్క తేలిపోయినట్టే. జనరేటర్ లాగ్‌తో కూడా సరిచూడండి.

పరిష్కారం: దొరికిన వెంటనే ఆర్డరు రద్దు చేయకండి. చేస్తే దొంగలెక్క ఇంకా నేర్పుగా రాస్తారు. అసలు గంటలు బయటపెట్టిన యాజమాన్యానికి, ఓటీ (అదనపు గంటల పని) బకాయి చట్టప్రకారం రెట్టింపు రేటున చెల్లించడానికి గడువివ్వండి.

గంటలు మళ్లీ పెరిగాయి

చాలా నియమావళుల్లో వారానికి ఓటీతో కలిపి 60 గంటలే హద్దు. అది దాటడానికి కారణం తరచూ కొనే కంపెనీయే: శాంపిల్ పది రోజులు ఆలస్యంగా ఓకే చేసి, షిప్‌మెంట్ తేదీ మాత్రం కదపదు. ఆ భారం కుట్టేవాళ్ల మీద పడుతుంది. నియమావళిలో కొనేవాళ్ల బాధ్యతా రాయాలి: ఆమోదం ఎన్ని రోజులు జాప్యమైతే డెలివరీ గడువు అన్ని రోజులు పెరగాలి. ఈ వాక్యం లేని నియమావళి ఏకపక్షమే.

ఫిర్యాదుల పెట్టె ఎప్పుడూ ఖాళీ

పెట్టె సీసీ కెమెరా కిందో, హెచ్‌ఆర్ గది పక్కనో ఉంటుంది. నియమాలేమో ఇంగ్లీషులో, లైన్‌లో ఒడియా, తెలుగు మాట్లాడేవాళ్లు. ఫిర్యాదు నంబరు పే స్లిప్ మీద వాళ్ల భాషలో అచ్చువేయండి. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకుమించి ఉన్న చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. అధ్యక్షురాలు మహిళ, సగమైనా మహిళలు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. పేర్లు గోడమీద కనబడాలి.

సర్టిఫికెట్ ఉంది, తలుపుకు తాళం ఉంది

2012లో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్‌లో మంటలకు 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి, పని పరిస్థితులు సవ్యంగా ఉన్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చి కొన్ని వారాలే అయింది. కాగితాలు పక్కన పెట్టి, చెప్పకుండా రాత్రి షిఫ్టులో వెళ్లి, అత్యవసర ద్వారాలన్నీ స్వయంగా తోసి చూడండి. తెరవడానికి తాళంచెవి అవసరమైతే ఆ ద్వారం లేనట్టే లెక్కకట్టి, తాళం తీయించాకే ఆ అంతస్తులో పని మొదలుపెట్టించండి.